ఆముదం సీసా ఎవరికి చెందాలి

నంద్యాల పట్టణం కాపురస్తుడు, కీర్తిశేషులు దేవదానం గారి పెద్ద కుమారుడు, మోటారు మెకానిక్కు రాజరత్నం అను నేను, వయస్సు అరవై ఒక్క సంవత్సరాలు, స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఏమనగా:

నా ఊపిరితిత్తులు బాగా లేవు గానీ బుద్ధి బాగానే ఉంది. దీని వెనుక ఎవరి బలవంతమూ, ఎవరి ప్రోద్బలమూ లేదు. కళ్ళు మసకబారినా ముక్కు చెడలేదు. కళ్ళకు గంతలు కట్టి ఏ డబ్బా మూత తీసినా, అది ఇంజను ఆయిలో, గేరు ఆయిలో, స్కూటర్ల పెట్రోలులో కలిపే టూటీ ఆయిలో ఈనాటికీ చెప్పగలను. కింద సంతకాలు చేసిన సాక్షులు ఈ సంగతి పరీక్షించి చూసుకున్నారు.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా చర్చి గురుస్వామి అయ్యవారిది. నా శవపెట్టె గడప దాటకముందే, షెడ్డు ముందర, అందరి ఎదుట ఆయన దీన్ని బిగ్గరగా చదవాలి. నా తమ్ముడు కరుణాకర్‌నూ, ఆళ్లగడ్డ నూనె మిల్లు సుందరరాజునూ పిలిపించాలి. చివరి అంశం దాకా ఎవరినీ లేవనివ్వకూడదు.

1. షెడ్డు, దాని వెనుక ఉన్న రెండు గదుల ఇల్లు నా తదనంతరం నా ఏకైక కుమార్తె ఎస్తేరుకు సర్వహక్కులతో చెందుతాయి. కరుణాకర్‌కు ఇందులో ఇటుక ముక్క మీద కూడా హక్కు లేదు.

2. మందు కొలిచే గాజు ఔన్సు గ్లాసు కూడా ఎస్తేరుకే. 1977లో సుందరరాజు మద్రాసు వేలంలో ఒక జపాను కారు కొన్నాడు. దాని ఇంజనులో పిస్టన్లు లేవు. మూడు మూలల ఇనుప దిమ్మె ఒకటి లోపల తిరుగుతూ ఉంటుంది, దాని ఒక్కొక్క మూలనా ఒక సన్నని పట్టీ గోడను రాసుకుంటూ పోతుంది. ఆ పట్టీలకు నూనె అందించే పంపు చెడిపోయింది, విడిభాగం ఎక్కడా దొరకలేదు. నేను నూనెను ముందే పెట్రోలులో కలిపి పోసి ఆ కారును రెండేళ్ళు నడిపించాను. ఐదు లీటర్లకు ఔన్సున్నర లెక్క. మొదట్లో ఏదో మూతతో కొలుస్తుంటే, ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న నా భార్య లూదియా చూడలేక, "మనిసికి మందు కొల్సినట్ల కొలువు, దానికి మాత్రం పానం ల్యాదా?" అని ఈ గ్లాసు తెచ్చి ఇచ్చింది. దాని గీతలు ఇంకా చెరగలేదు. దీన్ని అమ్మవద్దు, తల్లీ.

3. నూనె పరీక్షలు రాసుకున్న నా నోటుపుస్తకం. ఇదీ ఎస్తేరుకే. రేకు మూతలో ఒక చుక్క కాల్చి చూడాలి, బూడిద మిగిల్చే నూనె పనికిరాదు. గాజు సీసాలో పెట్రోలుతో కలిపి ఒక పూట కదపకుండా ఉంచాలి, విడిపోయి అడుగుకు దిగే నూనె అసలే పనికిరాదు. రెండూ నెగ్గిన నూనెను ముందు కొంచెం పెట్రోలులో బాగా కలిపి, ఆ తరువాతే మిగతా పెట్రోలు పోయాలి. ఇదంతా మూడు నెలలు తంటాలు పడి తెలుసుకున్నాను. అప్పట్లో నా షెడ్డులోనే పనిచేస్తున్న కరుణాకర్ మూడు నిమిషాలు కూడా కూర్చొని వినలేదు. "నూనె అంటే నూనేలేన్నా, ఏదైతే ఏంది?" అనేవాడు. ఈ పుస్తకం వాడి కంటపడకూడదు.

4. నా ట్రంకు పెట్టెలో గుడ్డ చుట్టి, మూతకు మైనం పెట్టి దాచిన సీసా కరుణాకర్‌కు.

1979 ఫిబ్రవరిలో, ఆళ్లగడ్డలో సుందరరాజు కూతురి పెళ్ళి. పెళ్ళికొడుకును తీసుకురావడానికి కారు అక్కడి నుంచి నంద్యాలకు బయలుదేరాలి. టూటీ ఆయిలు అయిపోయింది, కొత్త డబ్బా కర్నూలు నుంచి బస్సులో వస్తోంది. అది వచ్చేదాకా ఆగకుండా కరుణాకర్ సుందరరాజు మిల్లులోనే ఆముదం తెచ్చి, పెట్రోలులో కలిపి, ఆ డబ్బాను నా చేతికిచ్చాడు. పెళ్ళివారంతా చూస్తుండగా టాంకులో పోసింది నేను. పోయడం చూసినవాళ్ళు యాభై మంది. అందులో ఏముందో తెలిసినవాడు ఒక్కడు.

సిరివెళ్ళ దాటకముందే ఆముదం జిగురై పట్టీలను పట్టేసింది, ఇంజను బిగుసుకుపోయింది. పెళ్ళికొడుకు పత్తి లారీ ఎక్కి వచ్చాడు, ముహూర్తం తప్పింది. "ఏందప్పా రాజరత్నం, నా కారుకు ఏం తాపితివి?" అని సుందరరాజు పందిట్లో నన్ను నిలదీశాడు. నా తమ్ముడు తల వంచుకుని, "అన్నే కదన్నా పోసింది" అన్నాడు. అంతే, నా చేతికి మచ్చ పడింది. తరువాత సుందరరాజు అండతో వాడు నా షెడ్డుకు ఎదురుగానే అంగడి పెట్టాడు. ఏడేళ్ళుగా ప్రతి స్కూటరూ నా గడప ముందు నుంచే వాడి దగ్గరికి పోతోంది.

ఆ రోజు టాంకులో నుంచి తీసినదే ఈ సీసాలో ఉంది. అడుగున ఆముదం తేనెలా పేరుకుంది. "తమ్ముని పరువు తీసి నువ్వేం కట్టుకుంటావు?" అని లూదియా అడ్డుపడడం వల్ల ఇన్నాళ్ళూ బయట పెట్టలేదు. ఆమె పోయి రెండేళ్ళయింది. ఇక నన్ను ఆపేవాళ్ళు లేరు.

5. ఆ కారు ఇప్పుడు సుందరరాజు మిల్లు వెనుక ఉంది. వెనుక సీటు మీద కావలివాడి కోళ్ళు పొదుగుతున్నాయట. ఆ కోళ్ళకు నా తరఫున ఒక బస్తా జొన్నలు. ఆ కారు విలువ తెలిసి వాడుకుంటున్నవి అవే. ఆముదం వచ్చింది ఏ మిల్లు నుంచో అయ్యవారు సుందరరాజుకు మరొక్కసారి చదివి వినిపించాలి.

6. లూదియా కుట్టుమిషను కరుణాకర్ భార్య జీవమ్మకు. లూదియా మంచాన పడిన నాలుగు నెలలూ, మొగుడికి తెలియకుండా పెరటి దారిన సంగటి తెచ్చి తినిపించిన మనిషి జీవమ్మ. ఆ మేలు మరిచిపోలేను. మిషను ఆమె సొంతం. దానికి నూనె వేస్తానని కరుణాకర్ వస్తే దగ్గరికి రానివ్వకూడదు.

7. నా పెట్టెను నాలుగు మూలలా నలుగురు మోయాలి. కరుణాకర్ చేయి తగలకూడదు.

8. పైన నా ముక్కు గురించి రాసినది నిజం. ఏడేళ్ళ కిందట అది ఇంకా చురుకుగా ఉండేది. డబ్బా చేతికి రాగానే ఆముదం వాసన నాకు తెలిసింది.

ఆ పొద్దున్నే సుందరరాజు నలుగురిలో, "ఇంగ మీద కారు నీ తమ్ముడే చూసుకుంటాడులేప్పా, నీకు వయసైపాయ" అన్నాడు. కారు దారిలో ఆగాలి, తమ్ముడి తెలివి అందరికీ తెలియాలి, అప్పుడు నేనే శుభ్రం చేసి మళ్ళీ నడిపించాలి అనుకున్నాను. ఇంజనే పోతుందని అనుకోలేదు. వాడు తెలియక కలిపాడు. నేను తెలిసే పోశాను. సీసాను దాచింది లూదియా మాట కోసం మాత్రమే కాదు. అందులో ఏముందో తెలిసినవాడు ఒక్కడని నాలుగో అంశంలో రాశాను. ఒక్కడు కాదు, ఇద్దరం.

అంతమాత్రాన కరుణాకర్‌ను క్షమించానని ఎవరూ అనుకోకూడదు. నేను పోశానని వాడు చెప్పింది అబద్ధం కాదు. తాను కలిపానని చెప్పకపోవడమే వాడు చేసిన ద్రోహం. ఏడో అంశాన్ని కొట్టివేయడం లేదు. అయితే అయ్యవారు ఇది చదివాక సీసా మూత తీసి వాడి చేతికివ్వాలి. వాసన చూసి, సుందరరాజు వినేలా, "నేను కలిపినా" అని వాడు అంటే పెట్టెకు నాలుగో మూల వాడికి ఇవ్వండి. అనకపోతే ముగ్గురే మోయండి. నేనిప్పుడు పెద్ద బరువేమీ లేను.

నంద్యాల
9 ఆగస్టు 1986

(సంతకం) డి. రాజరత్నం

సాక్షులు:
1. శేషాద్రి, లారీ డ్రైవరు, కోయిలకుంట్ల
2. కమలమ్మ, నర్సు, నంద్యాల