ఫాదర్ రాసిచ్చిన నాలుగు పుస్తకాలు

జూన్ 12
ఫస్ట్ షిఫ్టు దిగి నేరుగా చర్చి ఫాదర్ దగ్గరికి వెళ్లాను. తలలో బొగ్గు కూడా వదిలించుకోలేదు. బాబు పోయి ఇరవై రోజులు. పొద్దున కూడా నిర్మలది ఒక్కటే మాట — "నా కొడుకు ఏడున్నడు?" జ్ఞానస్నానం కాకుండా పోయిన బిడ్డ ఎక్కడికి పోతాడో నాకేం తెలుసు? కమాన్‌పూర్‌లో ఎల్లమ్మకు బోనం ఎత్తే ఇల్లు మాది. పెళ్లికి నేను మతం మారలేదు, ఆమె మారమనలేదు.
"ఆమెకు జవాబు చెప్పాలె ఫాదర్. పుస్తకాలుంటే ఇయ్యండి."
ఫాదర్ బీరువా తెరిచారు. ఒక పాత శుభలేఖ వెనక నాలుగు పేర్లు రాశారు. మూడు అందులోంచి తీసిచ్చారు, నాలుగోది తెప్పిస్తానన్నారు. "మొదలు చిన్నది చదువు. మూడోదానికి జల్ది లేదు బిడ్డా. మెల్లగ."

జూన్ 13
చిన్నది సత్యోపదేశం, వాళ్ల మతంలోని మొదటి పాఠాలు. ప్రశ్న, జవాబు... ప్రశ్న, జవాబు. గనిలో కార్మికుల భద్రత చూసే సర్దార్ పనికి పరీక్ష రాస్తూ బట్టీ పట్టిన గని నియమాల పుస్తకం గుర్తొచ్చింది. దేవుడెవరు, మనిషిని ఎందుకు చేశాడు — అన్నీ ఉన్నాయి. నా ప్రశ్న లేదు.
నిర్మల రెండు ముద్దలు తిని కంచం జరిపేసింది.

జూన్ 15, ఆదివారం
చర్చి గంట. నిర్మల లేవలేదు.
మందమర్రి నుంచి అత్త ఫోన్. "పూజకు పోయిందా బిడ్డా?" పోయింది అన్నాను.

జూన్ 17
రెండోది వాదనల పుస్తకం. వేరే క్రైస్తవ సభలవాళ్లు అడిగేవాటికి జవాబులు. మరియమాతకు మొక్కడం ఎందుకు, విగ్రహాలు ఎందుకు, పోపుగారు ఎందుకు... రాసినాయన బాగానే కొట్లాడాడు. గని లాంప్ రూమ్ దగ్గర కనకయ్యన్న ఎప్పటిలా వాళ్ల ప్రార్థన మందిరం గొప్పలు ఎత్తుకుంటే, రెండింటికి నేనే జవాబు చెప్పేశాను. "ఏందిరా, నువ్వెప్పుడు ఫాదరైనవ్?" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది. వాదనలో గెలిచి ఏం చేసుకోను... ఇంట్లో మనిషి చిక్కి సగమైంది.

జూన్ 18
వాన. ఏమీ చదవలేదు. దవాఖాన కాగితం కనపడింది. 'బేబీ ఆఫ్ నిర్మల'. జ్ఞానస్నానం నాడు పెడదామని పేరు దాచిపెట్టుకున్నాం.

జూన్ 20
మూడోది ఇంగ్లీషు. జ్ఞానస్నానం, పెళ్లి లాంటి దివ్యసంస్కారాల గురించి. ఫోన్‌లో డిక్షనరీ, చేతిలో పెన్సిలు, పేజీకి అరగంట. తప్పనిసరి అన్న మాట ఉన్నచోటల్లా గీత గీస్తున్నాను — డ్యూటీ అలవాటు. చివరికి దొరికింది! అలాంటి బిడ్డల్ని దేవుని కరుణకు అప్పగిస్తాం, ఆశ పెట్టుకుంటాం అని ఉంది. ఆశ... గని నియమాల్లో ఆ మాట ఎక్కడా లేదు. ఉన్నంతలో ఇదే మేలు. రేపు నిర్మలకు చదివి వినిపించాలి.

జూన్ 21
వినిపించను.
ఎక్కడ మొదలుపెట్టి చదవాలా అని రెండు పేజీలు వెనక్కి తిప్పాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు జ్ఞానస్నానానికి ఫాదరే రానక్కర్లేదట. ఎవరైనా ఇవ్వొచ్చు. జ్ఞానస్నానం లేనివాడైనా సరే. మామూలు నీళ్లు తలమీద పోసి, పిత పుత్ర పవిత్రాత్మ పేరున ఇస్తున్నానని చెబితే, మనసులో అదే కోరితే చాలట.
నాలుగుసార్లు చదివాను. ఆ వరుసల కింద గీత గీసి, ఒక్కో మాటా డిక్షనరీలో వెతికి పక్కన తెలుగు రాశాను. అదే అర్థం.

అదే రోజు, సాయంత్రం
బాబు పోయిన రోజు దవాఖానలో నిర్మల మత్తులో ఉంది. నెలలు నిండని బిడ్డ, ఇక ఆగడు, చూసుకో అని డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. ఫాదర్ మందమర్రిలో పూజలో ఉన్నారు. పూజ అయ్యాక అత్త ఆయన్ని బండెక్కించి తెస్తోంది. అద్దాల పెట్టె పక్కన నేనొక్కణ్నే. గంటన్నర. చేతిలో నీళ్ల సీసా ఉంది. రెండుసార్లు తాగాను కూడా.
నేను సర్దార్ని. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉన్నవాణ్ని. గనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పేది నేనే — "డాక్టరొచ్చేదాక చేతులు కట్టుకొని నిలవడొద్దుర. పక్కనున్నోడే చెయ్యాలె."
ఫాదర్ వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన వచ్చేసరికి బాబు పోయి పది నిమిషాలు దాటింది.
నేను తండ్రినేనా?

జూన్ 23
ఫాదర్‌ను అడిగాను. నేను చదివేశానని నా మొహం చూడగానే ఆయనకు తెలిసిపోయింది.
"తెల్వనోనికి తప్పెట్ల అంటది బిడ్డా? నీ కోరిక దేవునికి తెల్వదా?"
"నిర్మలకు తెలుసా ఇది?"
"చిన్నప్పుడు అందరికి నేర్పుతం."
అంటే తెలుసు. తెలిసీ నన్ను ఒక్క మాట అడగలేదు. ఎందుకు? నాలుగోది వచ్చిందన్నారు, బాధల గురించి అట. తీసుకోకుండా వచ్చేశాను.

జూన్ 24
మూడో పుస్తకం బియ్యం డబ్బా వెనక దాచాను.

జూన్ 26
డ్యూటీ నుంచి వచ్చేసరికి పుస్తకం నిర్మల ఒళ్లో ఉంది. ఇవాళ అన్నం వండాలని లేచిందట, దొరికిందట. నా పెన్సిలు గీత మీద వేలు పెట్టుకుని కూర్చుంది.
"నాకు చిన్నప్పుడే నేర్పిన్రు. నీకు ఒక్కసారన్న చెప్పకపోతిని."
ఇన్నాళ్లూ తననే తిట్టుకుంటోంది. నన్ను కాదు. అంతా ఇప్పుడే చెప్పేయాలనుకున్నాను.
"నువ్వు లోపలికి పోయినప్పుడు ఊపిరి ఉండెనా?"
"ఉండె."
"ఎంతసేపు?"
బట్టలు మార్చుకొస్తానని గదిలోకి వచ్చాను. బట్టలు మార్చుకోలేదు, ఇది రాస్తున్నాను. తలుపు అవతలి నుంచి మళ్లీ అడుగుతోంది, ఎంతసేపని.