ముగ్గు పెట్టిన తొమ్మిది

చిన్నా,

ఎలా ఉన్నావని అడగకూడదేమో... అయినా అడుగుతున్నాను. ఎలా ఉన్నావురా? నువ్వు వెళ్లి పది నెలలు దాటింది. నేను ఉన్నాను. మోకాళ్లు మాత్రం నువ్వు చూసినప్పటికంటే పాడయ్యాయి.

నా చదువు మూడో తరగతితో సరి, నీకు తెలిసిందే. తప్పులుంటే దిద్దుకుని చదువుకో. నిజం చెప్పాలంటే నిన్ను నాలుగు తిట్టాలనే ఈ కాగితం తీశాను.

నువ్వు పెట్టిపోయిన ఫోను నన్ను ఎత్తనివ్వడం లేదు!

నోయిడాలో ఇంతమంది ఉన్నారు. అందరి ఇళ్లలోనూ ఫోను మోగుతుంది, ఎత్తుతారు, మాట్లాడతారు. మనకే ఎందుకురా ఈ డిజిటల్ లైను? గోడకి ఒక డబ్బా, దానికి పచ్చ లైటు, అక్కణ్ణించి ఒక వైరు నా మంచం పక్క ఫోనుకి, ఇంకో వైరు కంప్యూటర్ కడుపులోని కార్డుకి. ఒకే తీగ మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడొచ్చని ఎంత మురిసిపోయావు! టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై ఏళ్లు చేసినవాడివి, ఇంటికొచ్చాక కూడా తీగలు వదల్లేదు.

ఆ కంప్యూటర్‌లో అందరి దాంట్లో ఉండేది కాకుండా ఆ పెంగ్విన్ పక్షి బొమ్మ లినక్సు ఒకటి. ఎందుకురా అంటే, "ఇది ఎవరి సొత్తూ కాదక్కా, అందరిదీ. చెడితే మనమే విప్పి చూసుకోవచ్చు" అన్నావు. అందరిదీ అంటే ఎవరిదీ కాదని నాకు అప్పుడే అనిపించింది. ఇప్పుడు చెడింది. విప్పి చూసేవాడివి నువ్వు లేవు. ఎవరి గుమ్మం ఎక్కను?

వేసవిలో కంప్యూటర్ గరగరమని చప్పుడు చేసింది. నీ కూతురు సుధ కంగారుపడి కంప్యూటర్ బజారు నుంచి ఒకతన్ని పిలిపించింది. అతను లోపలి డిస్కు మార్చి, కొత్త లినక్సు ఎక్కించి, నువ్వు రాసుకున్నవి పాత దాంట్లోంచి తీసి ఇందులో పెట్టాడు. నేను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఏం పాడుచేస్తాడో అని. మధ్యలో నావైపు తిరిగి, ఆంటీజీ, ఇందులో వాంటింటి అనే కమాండు ఏదో ఉంది, మా లినక్సులో ఇలాంటిది లేదు, ఈ ముక్కంతా తీసెయ్యనా అని హిందీలో అడిగాడు.

నాకేం తెలుసు? నేను తల ఊపి ఠీక్ హై అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తాను దానికి.

అప్పట్నుంచీ మొదలైంది. ఫోను రెండు రింగులు మోగుతుంది, అంతే. నేను వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుని గడప దాటేలోగా కంప్యూటర్ ఎత్తేస్తుంది. మాట్లాడేవాళ్ల మాట దాని పొట్టలో దాచుకుంటుంది. నేను ఫోను చెవిన పెట్టుకుని హలో హలో అని అరిస్తే ఎవరికి వినపడాలి? దాచిన మాట వినాలంటే నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఏదో కొట్టాలట. నేను కొట్టేదాన్నేనా?

నా భయం నీకు తెలుసు కదా. సుధ గుర్‌గావ్‌లో ఉద్యోగం. ఎనిమిదికి క్యాబ్ ఎక్కితే పదికి చేరుతుంది. చేరగానే "పహుంచ్ గయీ బువా", చేరిపోయానని ఒక్క మాట చెబుతుంది. దానికి అత్తా అనడం ఇవాళ్టికీ రాలేదు. బువా అన్నప్పుడల్లా, "నిన్ను బువ్వ చేసేసిందక్కా" అని నువ్వు నవ్వేవాడివి. ఆ ఒక్క మాట వింటేనే నాకు బువ్వ దిగేది.

పోయిన నెల ఒకరోజు సుధ వెళ్లే హైవే మీద ఏదో బస్సు తిరగబడిందని టీవీలో చూపించారు. అప్పుడే ఫోను మోగింది. పరుగెత్తాను. మంచం కోడు మోకాలికి తగిలి కూలబడ్డాను. రెండో రింగుకే అది ఎత్తేసింది. సుధ ఇచ్చిన మొబైలు తీసి ఏదో నొక్కాను, అది ఆరిపోయింది. సాయంత్రం ఏడు దాకా నేను పడ్డ నరకం ఎవరితో చెప్పుకోను? సుధ ఇంటికొచ్చి, మెసేజ్ పెట్టానుగా బువా అంది. పెట్టిందట! పొద్దున్నించీ ఆ మాట నా ఇంట్లోనే ఉంది, నాకు నాలుగడుగుల దూరంలో... నాకు వినపడలేదు.

ఎంతమందిని బతిమాలానో తెలుసా? ఫోన్లవాళ్లు వచ్చి డబ్బా చూసి, లైను బంగారంలా ఉంది, కంప్యూటర్ మీది, మాకు సంబంధం లేదన్నారు. బజారు అతనికి ఫోను చేస్తే కంప్యూటర్ బంగారంలా ఉంది, లైనుదే దోషం అన్నాడు. రెండూ బంగారమే అయితే నా బతుకెందుకిలా ఇత్తడైంది?

చివరికి సుధ విసిగిపోయింది. ఈ రోజుల్లో ఈ లైను ఎవరూ వాడటం లేదు, సరెండర్ చేసేసి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకుందాం అని ఫారం నింపి ఫ్రిజ్ మీద అంటించింది. ఆదివారం దాకా గడువు. అదీ నిజమే. కానీ ఆ తీగ నువ్వు నిచ్చెనెక్కి లాగింది. తిడుతూనే ఉన్నాను, తియ్యమనడానికి మాత్రం నోరు రాలేదు. నాకేమైనా మతి పోయిందంటావా?

శనివారం వంటింటి అలమరలో కాగితాలు మారుద్దామని డబ్బాలు దించాను. పప్పు డబ్బా కింద పరిచింది నీ కాగితమే. అంచుకి చిల్లులుండే ఆ పొడుగు ప్రింటరు కాగితం. నువ్వు పారేశావనుకుని పరిచాను. "పనికిరాని కాగితం అంటూ ఉండదక్కా" అనేవాడివి, వినలేదు. సుధకి చూపించాను. మాటలు తెలుగువే, రాసింది ఇంగ్లీషు అక్షరాల్లో. అది ఇంగ్లీషు అక్షరాలు చదవగలదు, తెలుగు అర్థం కాదు. నాకు తెలుగు వస్తుంది, ఆ అక్షరాలు రావు. అది చదువుతుంటే నేను విన్నాను.

"హాష్. రింగ్స్ ఫోర్. అక్కా వాంటింటి నుంచి వస్తుంది" అంది.

వాంటింటి! చిన్నా, వంటింటి నుంచిరా అది! నా వంటిల్లు! బజారు అతను కమాండు అనుకున్నాడు, నేను పక్కనే కూర్చుని ఠీక్ హై అని తీయించేశాను. నా చేతులతో నేనే...

దాని కింద ఇంకో వరస. "హాష్. రింగ్స్ సిక్స్. అక్క మోకాలు నొప్పి." దాని కింద, "రింగ్స్ నైన్. తొందర పెట్టకు."

సుధకి అర్థం చెప్పాను. అన్ని రింగులయ్యాకే ఎత్తమని కంప్యూటర్‌కి రాసిన వరసలు బువా, అవి తీసేస్తేనే రెండుకే ఎత్తేస్తోంది అంది. తర్వాత ఆ హాష్ అంటే ఏమిటో గీసి చూపించింది. రెండు నిలువు గీతలు, రెండు అడ్డ గీతలు... ముగ్గు వెయ్యబోయి మానేసినట్టు ఉంది. అప్పుడు నువ్వు దానికి నేర్పుతూ అన్నది గుర్తొచ్చింది. "ముందు ఆ గుర్తు పెట్టిన వరస యంత్రం చదవదమ్మా. మనుషులు చదువుకోవడానికి."

బతికున్నంతకాలం "కదులక్కా, బస్సు పోతుంది" అని నన్ను తరిమినవాడివి. యంత్రానికి మాత్రం తొందర పెట్టకు అని రాశావా? నాతో ఒక్కసారి అంటే ఏం పోయేదిరా?

సుధ కంప్యూటర్ ముందు కూర్చుని తొమ్మిది కొట్టింది. బాల్కనీలోకి వెళ్లి మొబైల్ నుంచి చేసింది. నేను వంటింట్లోంచి బయల్దేరాను. తొమ్మిదో రింగు అయ్యేసరికి మంచం దగ్గరికి వచ్చాను, అది మళ్లీ ఎత్తేసింది! ఒళ్లు మండిపోయింది. నువ్వు లెక్క తప్పలేదులే. ఈ పది నెలల్లో నేనే నెమ్మదించాను.

పన్నెండు పెట్టమన్నాను. తొమ్మిది చెరపబోయింది, చెయ్యి పట్టుకున్నాను. దానికి ముందు ముగ్గు పెట్టించి, కింద పన్నెండు రాయించాను. పక్కన ఏం రాయను బువా అని అడిగింది. చిన్నా తొమ్మిది ఇచ్చాడు, సరిపోలేదు అని రాయమన్నాను.

ఫ్రిజ్ మీద ఫారం ఇంకా ఉంది. చలికాలం దాకా చూద్దాం అంది సుధ. పచ్చ లైటు అప్పుడప్పుడు మిణుకుమంటోంది, అదేం రోగమో మళ్లీ. మోకాళ్లు ఇంకా పాడైతే పన్నెండుకీ ముగ్గు పెట్టిస్తాను. నీ వరసలు మాత్రం చెరపనివ్వను, మాటిస్తున్నాను.

ఇవాళ సోమవారం, పది కావస్తోంది. సుధ ఫోను చేసే వేళ. వంటింట్లోకి వెళుతున్నాను. పరుగెత్తనులే.

నీ
అక్క