మంద లేచిన చేను

మంగళవారం, రాత్రి పది

మిరప పీకేసిన చేలో ఎరువు కోసం గొర్రెల మందను నేనే పెట్టించాను. నిన్న మంద పక్క చేనుకు మారింది. ఈ సాయంత్రం మా కుక్క బ్లాకీని ఆ ఖాళీ చేలోనే తిప్పాను. బుద్ధి లేక. నడిమధ్యలో అది ఆగిపోయి, నేలకేసి చూస్తూ గుర్రుమంది. వంగి చూశాను. నేల మెల్లగా మా కాళ్లవైపు కదులుతోంది.

"అక్కడ నిలబడమాకండి టీచర్‌గారూ! గోమార్లు ఆకలి మీదున్నయ్!" కాపరి నాగయ్య గట్టు మీంచి అరిచాడు.

ఇంటికొచ్చి దాని చెవుల్లోంచి, వేళ్ల సందుల్లోంచి పట్టకారుతో రక్తం తాగే ఆ పురుగుల్ని పదకొండు లాగాను. తర్వాత నన్ను నేను తడుముకున్నాను. ఏమీ లేవు. వీపు చూసిపెట్టడానికి మాత్రం ఇంట్లో ఎవరూ లేరు.

బ్లాకీ ఇంకా పడుకోలేదు. నా వెనక నిలబడి, వీపుకేసి చూస్తూ గుర్రుమంటోంది.