ఇంటి వెనక కాలువ

అరకు,
ఆగస్టు 18, సోమవారం.

సీతంపేటలో పుట్టింట ఉన్న శ్రీమతి కృపావతికీ, ఆవిడ ఒళ్లో ఉన్న చిన్న దొరసానికీ సురేంద్ర సవినయంగా రాసుకునేది.

ఇక్కడ అమ్మ కులాసా, నేను కులాసా, కోళ్లు మరీ కులాసా. మీ ఇంట్లో అందరూ బాగున్నారనీ, పాప దగ్గు పూర్తిగా తగ్గిందనీ అనుకుంటున్నాను.

ఫోన్లో అడిగితే నవ్వించి తప్పించుకుంటావు, కాగితం మీద రాయి బావా అని నువ్వు పెట్టిన షరతు ప్రకారం ఇది నాలుగో ఉత్తరం. కాగితం మీద కూడా నవ్వించి తప్పించుకోవచ్చని మొదటి మూడిట్లో నిరూపించాను. ఇందులో ఆ పని చేయను. కొంచెం చేస్తాను, అలవాటు ఒక్కరోజులో పోదు కదా.

నువ్వడిగినవాటికి జవాబులు. తింటున్నాను. పొద్దున అమ్మ చోడి అంబలి పోస్తుంది, అడక్కుండా రెండో గ్లాసు కూడా పోస్తుంది. కాఫీ కాయ ఇంకా పచ్చిగానే ఉంది. నువ్వు పంపిన వీడియో మలుపు దగ్గర సిగ్నల్ దొరికే బండ మీద కూర్చుని చూశాను. పాప తల నిలబెట్టి, ఈ లోకం తనకి నచ్చిందో లేదో తేల్చుకుంటున్నట్టు చుట్టూ చూసింది. పద్దెనిమిది సెకన్లు. వాటిని ఎన్నిసార్లు చూశానో రాస్తే నువ్వు మీ అమ్మకి చదివి వినిపిస్తావు కాబట్టి రాయను. చివర్లో నీ చెయ్యి వచ్చి దాని మెడ వెనక ఆనుతుంది. ఆ చేతిని కూడా చూస్తున్నానని మనవి.

ఇక అసలు ప్రశ్న. జూన్లో కింది గది గోడ చెమర్చిందని ఫోన్లో నోరు జారినప్పటి నుంచీ నువ్వు ఒకటే అడుగుతున్నావు, గది ఆరిందా అని. అడగవా మరి. పాప నెలలు నిండకుండా పుట్టి, నెమ్ముతో పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాక డాక్టరమ్మ చెప్పింది మనిద్దరం విన్నాం. పొగ తగలకూడదు, తడి గదిలో పడుకోబెట్టకూడదు. పై గదిలో అమ్మ పొయ్యి ఉంది. మిగిలింది కొండవాలు తవ్వి కట్టిన కింది గదే. దాని వెనక గోడ నా ఛాతీ ఎత్తు దాకా మట్టిలోనే ఉంది. ఆరిందని మొదటి ఉత్తరంలో రాశాను. బాగా ఆరిందని రెండోదాంట్లో రాశాను. ఈ ఆదివారం మీ అన్న ఫల్గుణ జీపు మాట్లాడి మిమ్మల్ని తీసుకురావచ్చని మూడోదాంట్లో రాశాను.

ఆరలేదు కృపా.

ప్రస్తుతం ఆ గదిలో ఎవరెవరు కాపురం ఉంటున్నారో విను. ముందు గోడ అడుగున తెల్లటి ఉప్పు పొంగి సున్నం రాలింది. దాని మీద బూజు పట్టింది. ఆ బూజు తినడానికి కంటికి ఆననంత పురుగులొచ్చాయి. నా డిగ్రీ పుస్తకాల అట్టపెట్టెలు తడికి మెత్తబడితే, అట్టా జిగురూ తినడానికి వెండిరంగు పురుగులొచ్చాయి. మూడేళ్లు ముందేసుకుని కూర్చున్నా నాకు రుచించని పుస్తకాలు వాటికి తెగ రుచించాయి. పెట్టెల కింద చీకట్లో బొద్దింకలు. వీళ్లందర్నీ భోంచేయడానికి జెర్రులు. కొందరు తడి చూసి వస్తే, మిగతావాళ్లు వచ్చినవాళ్లని చూసి వచ్చారు.

నేను యుద్ధం ప్రకటించాను. సంతలో పురుగుల మందు కొని చల్లాను. చచ్చినవి చచ్చాయి, వాటి బంధువులు పరామర్శకి వచ్చి ఉండిపోయారు. పైనున్న రెండు గాలికంతల్లోంచే వస్తున్నాయని తేల్చి వాటిని సిమెంటుతో మూసేశాను. గాలి ఆడక గది ఇంకా చెమర్చింది. అంతకుముందే, ఆరిందని రాసిన ఉత్తరంలోనే, గోడ చెమర్చిన నేరమంతా మేస్త్రీ వరహాలరావు మీద పెట్టి, ఆయన సిమెంటు తక్కువ కలిపాడని నీకు రాశాను. నువ్వు ఆయన్ని అరపేజీ తిట్టావు. ఆ అరపేజీ నాకు రావాల్సింది.

మొన్న గురువారం అమ్మ ఉయ్యాల గుడ్డ దులుపుదామని కిందికి వెళ్లింది. మడతలోంచి జానెడు జెర్రి జారి నేల మీద పడింది. అమ్మ అరవలేదు. దాన్ని చీపురుతో చంపి, గుడ్డ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఆ కృప గుంటకి ఉత్తరంలో ఏటి రాసేవురా?"

ఆరిందని రాశానన్నాను.

"మరిదేటి?"

అమ్మ వెళ్లి పక్కింటి మంగ్లు తాతని పిలుచుకొచ్చింది. తాత గదిలోకి తొంగి కూడా చూడలేదు. తిన్నగా ఇంటి వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

"మీ బాబు తవ్విన కాలువుండాల కదరా ఇక్కడ. ఏదీ?"

నీకు ఇన్నాళ్లూ చెప్పనిది ఇదే. ఆ కాలువని నేనే పూడ్చేశాను. కొండ మీంచి దిగే వాన నీరు ఇంటి మీద పడకుండా కింద పారే గెడ్డ వైపు మళ్లించడానికి నాన్న తవ్వింది. ఏటా వానలకి ముందు ఆయన పూడిక తీసేవాడు, ఆయన పోయాక అమ్మ తీయించేది. అది ఉంది కాబట్టే నిరుడు అంత వానలోనూ మన గోడకి చెమ్మ రాలేదు. ఈ మే నెలలో అమ్మ వాళ్ల చెల్లెలింటికి వెళ్లినప్పుడు రాళ్లూ మట్టీ పోసి చదును చేశాను. పూడిక తీయించావా అని వచ్చాక అడిగితే తీయించానన్నాను, అమ్మ వెనక్కి వెళ్లి చూడలేదు.

ఎందుకంటే నువ్వు కడుపుతో పుట్టింటికి వెళ్లిన రోజు, రోడ్డు దాకా ఆ రాతిమెట్లు దిగుతూ రెండుచోట్ల కూర్చుండిపోయావు. ఏమైందంటే ఏం లేదు నడు అన్నావు. పాపని ఎత్తుకుని మళ్లీ అవే మెట్లు ఎక్కించకూడదనుకున్నాను. కాలువ పూడిస్తే వెనక దారిన ఆటో గుమ్మం దాకా వస్తుంది. నీకు చెప్పకుండా చేసి, నువ్వు దిగినప్పుడు నీ మొహం చూడాలనుకున్నాను. మీకు దారి వేశాననుకుని, కొండ మీది నీళ్లన్నీ తెచ్చి పాప పడుకోవాల్సిన గోడ వెనక నిలబెట్టాను.

"ఆటోకి దారి సూసినావు సరే, సదువుకున్నోడివి, నీళ్లెటు పోతాయనుకున్నావురా?" అన్నాడు తాత. నీళ్ల గురించి అనుకోలేదు తాతా అన్నాను. అదే నిజం.

శుక్రవారం నుంచి తవ్వుతున్నాం. మునుపటికన్నా లోతుగా తీసి, అడుగున గులకరాళ్లు పరిచి, గెడ్డ వైపు వాలు పెట్టాం. వరహాలరావు గారికి నిజం చెప్పి క్షమించమన్నాను. ఆయన ఒక్క మాటా అనకుండా గాలికంతలు పగలగొట్టి సన్నటి వల బిగించాడు. వెళ్తూ వెళ్తూ మాత్రం "మీ ఆవిడకి కూడా రాసెయ్" అన్నాడు. అట్టపెట్టెలన్నీ పారేశాం. ఉన్న సామాను చెక్కల మీదికెక్కించి గోడకి జానెడు ఎడంగా జరిపాం. చూరు నీళ్లు గోడ మొదట్లో పడకుండా రేకు గొట్టం పెట్టాలి, అది ఇంకా కాలేదు. వాన వెలిసినప్పుడు తలుపు తెరిచి, మొదలైతే మూసే డ్యూటీ అమ్మది.

శనివారం గోడకి ప్లాస్టిక్ కాగితం ఒకటి పెట్టి నాలుగంచులా టేపు వేశాను. పైన తడి పడితే అది గదిలో గాలికున్న చెమ్మ, వెనక తడి పడితే గోడలోంచి వస్తున్న నీళ్లు. ఇవాళ పొద్దున ఊడదీశాను. వెనకంతా బొట్లు.

గోడ తాగిన నీళ్లు కక్కడానికి నవంబరు అవుతుందన్నాడు తాత. అక్టోబరు అంటాడేమోనని ఇంకోసారి అడిగాను. నవంబరే అన్నాడు.

నీకు ఇంకొకటి కూడా తెలియాలి. కొత్తగా సున్నం కొడితే ఓ రెండు వారాలు మచ్చ కనపడదు. ఈలోగా మీరొచ్చేస్తారు, వచ్చినవాళ్లు తిరిగి వెళ్లరు కదా, అప్పుడు చెప్పొచ్చులే అని ఇవాళ మధ్యాహ్నం దాకా ఆలోచించాను. సున్నం బకెట్లో కలిపాను కూడా. బ్రష్షు కోసం లోపలికెళ్తే ఉయ్యాల గుడ్డ దండెం మీద ఆరుతోంది. కలిపిన సున్నం ఇంకా బకెట్లో అలాగే ఉంది.

నీ దువ్వెన కిటికీలో నువ్వు పెట్టినచోటే ఉంది. అమ్మ రోజూ తుడిచి మళ్లీ అక్కడే పెడుతుంది. నేనే వచ్చి మిమ్మల్ని చూసిపోదామంటే, వాన పడ్డప్పుడల్లా కాలువ కొత్త గట్టు జారుతోంది, ఆ మట్టి అమ్మ ఒక్కతే ఎత్తలేదు. పాప ఈలోగా బోర్లా పడుతుంది. నాకన్నా ముందు ఫల్గుణని గుర్తుపడుతుంది, వాడు ఆ సంగతి పనిగట్టుకుని నాకు ఫోన్ చేసి చెప్తాడు. చెప్పనీ.

ఇదంతా ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ నీ గొంతు వింటే వచ్చెయ్ అనేస్తాను. అందుకే స్పీడ్ పోస్టు.

ఆదివారం రావద్దు కృపా. కట్టిన బట్టల మూట విప్పెయ్. పాపని పొడిగా ఉన్నచోటే పడుకోబెట్టు. ఆ రోజు నేను రోడ్డు దాకా దిగి కూర్చుంటాను. అటునుంచి వచ్చే జీపు ఏదీ మన మెట్ల దగ్గర ఆగకపోతే, ఉత్తరం నీకు చేరిందనుకుంటాను.

ఇట్లు,
పాప నాన్న,
నీ బావ సురేంద్ర