మంచం మీద ఒక్కడు

అన్నా, నువ్వు కాలం చేసి ఇయ్యాల్టికి యాడాది. నేను ఇంకా ఈ గల్ఫ్ ఊరు నిజ్వాలనే పని చేస్తున్న.

నిజాం రాజ్యం పోయిన కొత్తల మన ఊరి పోరగాళ్లను పది మందిని పిలిచినవు, యాదికుందా? "ఈ మంచం దేశం మొత్తం సంపాదన" అన్నవు. ఒకన్ని దొరను చేసి కాళ్లు చాపి పండుమన్నవు. మిగిలినోళ్లం పట్టె మీద ఇరుక్కున్నం. నేను, మల్లేశం కిందవడ్డం. "ఇంటింటికి గిట్లనే పంచిన్రురా" అన్నవు. అందరు నవ్విన్రు, నువ్వు నవ్వలే.

మొన్న కంపెనీ నన్ను ఫోర్మన్ చేసింది. రూమ్‌ల అందరు నేల మీదనే పంటరు. నాకు మాత్రం ఫ్యాన్ కింద మంచం ఏసిన్రు. ఇయ్యాల డ్యూటీ దిగి వచ్చేసరికి, ఈడ నా కిందనే పని చేసే మన మల్లేశం దాని మీద కూసొని బూట్లు ఇప్పుతున్నడు. నన్ను చూసి గబుక్కున లేచిండు.

"కూసోరా" అన్న.

"వద్దు సాబ్" అని కింద కూసున్నడు. చిన్నప్పటి సంది నన్ను "అరేయ్" అని పిలిచేటోడు.

మంచం మీద ఒరిగిన. కాళ్లు ముడుచుకుందామనే అనుకున్న అన్నా. చాపుకున్న.