గిస్ల పిన్నమ్మ ముసుగు

ఇసార నది రేవు పక్కన దువ్వెనలు చేసుకు బతికిన లాండెరిక్ భార్యను, బెర్తెఫ్లేదను, అరవై ఎనిమిదేళ్ళు నిండినదాన్ని, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ప్రేరేపణా బలవంతమూ లేకుండా, నా ఇష్టంతో రాయిస్తున్న వీలునామా ఇది. కాళ్ళు నా మాట వినడం మానేశాయి గానీ బుద్ధి ఇంకా వింటోంది. రాస్తున్నది మా గుడి పాదిరి మమ్మోల. అమలు జరిపే బాధ్యత కూడా ఆయనదే. "అమ్మా, ఇలాంటివి వీలునామాలో రాయరమ్మా" అని ఆయన అప్పుడే రెండుసార్లు అన్నాడు. ఆ మాట కూడా రాయమన్నాను.

1. నా ఇల్లు, పెరడు, దుకాణం, అందులోని రంపాలు, ఆకురాళ్ళు, ఎండబెట్టిన కొమ్ములు, ఎముకలు సర్వహక్కులతో నా కూతురు రోథైదకు చెందాలి. దువ్వెన పళ్ళు కోయడంలో దాని చెయ్యి వాళ్ళ నాన్న చేతికంటే కుదురు. ఆయన ఉన్నప్పుడు ఈ మాట అనలేదు, బాధపడతాడని. అల్లుడు మంచివాడే. గురక పెడతాడు కాబట్టి అటక మీద గది వాడిది.

2. నా దాసి నాంత, నా ఊపిరి ఆగిన క్షణం నుంచి స్వతంత్రురాలు. దాని మీద ఎవరికీ ఏ హక్కూ ఉండదు. గోధుమరంగు ఆవు, మగ్గం, నా ఉన్ని దుప్పటి దానివే. ఇప్పుడే విడిపిస్తానంటే, "ముందు ఈ గంజి తాగు, తర్వాత విడిపిద్దువుగాని" అని నన్ను కసిరింది. నలభై ఏళ్ళుగా ఈ ఇంట్లో కసిరే హక్కు దానిదే.

3. పక్కింటి కుమ్మరి ఔస్త్రుల్ఫ్‌కు నా గుమ్మం ముందున్న బల్ల ఇస్తున్నాను. షరతు ఒకటే. దాన్ని నది వైపు తిప్పి వేసుకోవాలి, మా పెరటి వైపు కాదు. "వాళ్ళింట్లో తాటిచెట్టంత ఆడమనిషి ఉంది, కాస్త చూసుకోండి" అని గుర్రపురౌతుల చెవిన వేసింది వీడేనని నాకు తెలుసు. క్షమించాను. మరచిపోలేదు.

4. మన రాజు, మెరోవింగ్ వంశపు సిగిమేర్‌కు నా కొమ్ము దువ్వెన, బూడిదరంగు తలముసుగు ఇస్తున్నాను. దువ్వెన కోసం ఆయన రెండుసార్లు మనిషిని పంపాడు, నేనివ్వలేదు. ఇప్పుడు ఇస్తాను, కానీ తానే వచ్చి, దుకాణంలో తన పాత ముక్కాలిపీట మీద కూర్చుని, ఈ వీలునామా చివరిదాకా వినాలి. మధ్యలో లేస్తే దువ్వెన పొయ్యిలో వేయమని మమ్మోలకు నా ఆజ్ఞ.

ఆయన అడవిలో కత్తి చేతబట్టి, తోడేళ్ళ మధ్య ఆరేళ్ళు గడిపాడని పాటలు కట్టారట. సంతోషం. ఆ అడవి నా వెనకగది. అప్పటి రాజు తరఫున పాలన చూసే కొలువు పెద్ద, తానే గద్దె లాక్కుని, ఆ రాజు జుట్టూ, రాకుమారుడైన ఈయన జుట్టూ గొరిగించి మఠంలో పడేశాడు కదా. జుట్టు భుజాలు దాటనివాణ్ణి మన ఫ్రాంకులు రాజని ఒప్పుకోరు. మఠం గోడ దూకి వచ్చిన పదహారేళ్ళ బోడిగుండు పిల్లాడికి కత్తికంటే ముందు కావలసింది జుట్టు. అది పెరగాలంటే ఏళ్ళు పడుతుంది, పెరిగే జుట్టును మగవాడు దాచలేడు. అందుకని ముసుగు వేసి, విధవరాలైన నా చెల్లెలు గిస్ల అని ఊరికి చెప్పాను. గడ్డం కనబడకుండా దవడకు గుడ్డ కట్టాను. ఆరేళ్ళు తగ్గని పంటినొప్పి అది. నూలు వడకమంటే తాళ్ళు పేనేవాడు. "ఈ చేతులతో రాజ్యమేలతావుట్రా నాయనా?" అనేదాన్ని. "రాజ్యానికి దారం తెగదులే అక్కా" అనేవాడు. వారానికోసారి దువ్వేదాన్ని. చలికాలాల్లో నాకు అక్షరాలు నేర్పాడు. అవి నా జీవితంలో మంచి రోజులు.

(ఇక్కడినుంచి నా చేతిరాత. మమ్మోలను బయటికి పంపాను. తప్పులుంటే నేర్పినవాణ్ణి అనండి.)

5. నా కొడుకు ఆడోకు నేనిచ్చేది ఒక నిజం.

కొలువు పెద్ద పంపిన గుర్రపురౌతులు వచ్చి ఇల్లు సోదా చేసిన రోజు, సిగిమేర్, నువ్వు మగ్గం వెనక గోడ వైపు తిరిగి పడుకున్నావు. ఎవరు ముందు లోపలికొచ్చారో నువ్వు చూడలేదు. వచ్చింది ఆడో. కొలువు పెద్ద డాలు మోసే కొలువులో అప్పటికి వాడికి మూడో ఏడు. నాకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ లేరని వాడికి తెలియదా? నిన్ను చూశాడు, నన్ను చూశాడు. వెనకున్నవాడు ముసుగు మీద చెయ్యి వేయబోయాడు. "ఏయ్, ఆవిడ మా పిన్నమ్మ. స్వతంత్రురాలి తలగుడ్డ లాగితే నీ ఎద్దుల జత అమ్మినా జరిమానా తీరదు. పద" అన్నాడు. అందరూ వెళ్ళిపోయారు.

వారం తర్వాత ఒక్కడే వచ్చాడు. పునీత మార్టిన్ సమాధి మట్టి మూటగట్టి తెచ్చి, దాని మీద నా చెయ్యి పెట్టించాడు. "అన్నం పెట్టిన దొరకి ద్రోహం చేశానమ్మా. నా తోటివాళ్ళకి తెలిస్తే తలెత్తుకోలేను. నువ్వు బతికుండగా ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అన్నాడు. వేశాను.

తర్వాత నువ్వు గద్దెనెక్కావు. కొలువు పెద్ద డాలు మోసినవాళ్ళందరికీ గుండు గీసి మఠాల్లో వేయించావు. వాళ్ళలో నా కొడుకున్నాడని తెలిసి, అడుగు అక్కా, విడిపిస్తానని కబురంపావు. బతిమాలి విడిపించుకుంటే వాడు జాలి మీద బయటికొచ్చినట్టవుతుంది. అందుకే అడగలేదు. వాడు రాజు దయ మీద కాదు, రాజు బాకీ మీద బయటికి రావాలి. ఏటా రొట్టెలు పట్టుకుని వెళ్ళేదాన్ని. "చలి తప్ప వేరే బాధ లేదమ్మా" అని బోడితల తడుముకునేవాడు. ఏడేళ్ళు. ఏడుపొచ్చేది.

ఇప్పుడు నేను లేను, ఒట్టు తీరింది. నీ తలమీద వెంట్రుకలన్నీ వాడు వదిలిపెట్టినవే, సిగిమేర్. వాడి వెంట్రుకలు వాడికి వదిలిపెట్టు. ఆడో, నాయనా, కోప్పడతావు. కోప్పడు. కోపం తగ్గాక జుట్టు పెంచుకో.

నాకు ఏ లోటూ లేదు. మంచి మొగుడు, మంచి పని, దొంగ చెల్లెలు. సంతృప్తిగా పోతున్నాను.

సిగిమేర్ రాజు గద్దెనెక్కిన ఏడో ఏట, పునీత మార్టిన్ పండుగ మర్నాడు రాసి, మడిచి, మైనం వేయించాను.

బెర్తెఫ్లేద (స్వహస్తం)

మడత మీద ముద్ర వేసిన సాక్షులు: పాదిరి మమ్మోల; పడవవాడు వాల్దొ; కుమ్మరి ఔస్త్రుల్ఫ్ (లోపలేముందో చెప్పలేదని అలిగి, చివరికి వేశాడు).

వెనకవైపు రాత: మార్చి నెల పదో రోజున, ఆమె దుకాణంలో, వారసుల ఎదుట చివరిదాకా చదివి వినిపించాను. రాజు ముక్కాలిపీట మీంచి లేవలేదు. దువ్వెన తీసుకుని, ఆడో జుట్టు భుజాలు దాటేదాకా అది వాడి దగ్గరే ఉండాలని చెప్పి, మఠానికి తానే బయలుదేరుతున్నాడు. మమ్మోల.

పై సంగతి నిజమని సాక్షి సంతకం: గిస్ల, బెర్తెఫ్లేద చెల్లెలు.