అరుంధతి కారు సింగపూర్ ప్రయాణం

హౌగాంగ్, సింగపూర్
ఫిబ్రవరి 2000

మామయ్యకి మహీధర్ నమస్కారాలు.

కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని మమ్మల్నిక్కడికి తెచ్చారు. ఒక్కటీ ఆగలేదు. ఆఫీసులో ఈగలు తోలుకుంటున్నాం. ఆ ఖాళీలో సొంతంగా ఓ సైటు తీసుకున్నాను. మీరు తణుకులో కార్ల కంపెనీ నడిపిన సంగతి ఎవరికీ తెలియకుండా పోతోంది కదా! మన అరుంధతి కారుని నా సైటులో పెడతాను. ప్రపంచమంతా చూస్తుంది. ఫోటో, చరిత్ర పంపండి.

మీ మేనల్లుడు
మహీధర్

తా.క.: సైటు ఉచితంగానే ఇచ్చారు.

తణుకు

చిరంజీవి మహీధర్‌కి మామయ్య గురునాథం ఆశీస్సులు.

సింగపూర్‌లో సైటు ఉచితంగా ఇచ్చారంటే నీదిరా జాతకం! ఎన్ని గజాలు? రోడ్డు ఎటువైపు?

చరిత్ర రాసుకో. డెబ్భై నాలుగులో తెరిచాం, డెబ్భై ఆరులో మూసేశాం. మధ్యలో పదకొండు కార్లు చేశాం. పేరు మీ అమ్మమ్మది. అరుంధతి నక్షత్రంలాగే పురోహితుడు చూపిస్తే తప్ప ఎవరికీ కనపడదని ఊళ్ళో వేళాకోళం. మిగిలిన ఒక్క కారునీ పాతసామాన్లవాడికి వేసేసి, షెడ్డులో గేదెని కట్టేస్తానని మీ అత్తయ్య చాముండేశ్వరి పట్టు పట్టింది. సమయానికి నీ ఉత్తరమొచ్చి బండి ప్రాణం నిలబెట్టింది. ఇదిగో ఫోటో. అసలుది వెనకాల వస్తోంది.

గురునాథం

తా.క.: ముందు సైటుకి ప్రహరీ కట్టించు.

హౌగాంగ్

మామయ్యకి నమస్కారాలు.

ప్రహరీ అంటే ఫైర్‌వాలేగా, దాని గురించి మీక్కూడా తెలుసా! కట్టేశాను. అసలుదానికి తొందర లేదు, రాగానే కవర్లో పెట్టి భద్రంగా దాస్తాను.

కారుని సైటులో పెట్టేశాను. మొదటిరోజే నలభై హిట్లు! ఆదివారం జనం ఎగబడేసరికి క్రాష్ అయింది. కష్టపడి మళ్ళీ లేపాను.

మహీధర్

తా.క.: హిట్లు ఇంకా పెరగాలని స్నేహితులందరికీ చెప్పాను.

తణుకు

ఒరేయ్ మహీధర్,

ఆశీస్సులు తర్వాత. కవరు కప్పుతానన్నావు, సంతోషం. కానీ ఒక్కరోజులో నలభైసార్లు గుద్దించావా? స్నేహితుల్ని పిలిచి మరీనా? ఇక్కడ రెండేళ్ళలో మన బండి గుద్దింది ఒకే ఒక్క జట్కాని. అదీ గుర్రం తప్పే! ఓడ అంత తొందరగా ఎలా చేరింది? రేవు నుంచి నడిపావా, తోయించావా? నిజం చెప్పు. ఎడమ తలుపు మాత్రం తీయకు.

మనసు బాగోలేని
గురునాథం

తా.క.: మీ అత్తయ్య ఏడుస్తోంది. బండి కోసం కాదు. ఓడ కిరాయికి గేదెనమ్మాను.

హౌగాంగ్

మామయ్యా,

"ఏ ఓడ?" అని రాస్తుండగానే రేవు నుంచి ఫోనొచ్చింది. పరిగెత్తి చూస్తే చెక్కపెట్టెలో అరుంధతి!

సైటంటే స్థలం కాదు మామయ్యా, కంప్యూటర్లో చూసే పుస్తకంలాంటిది. హిట్టంటే ఒకరు చూడడం. నేనుండేది తొమ్మిదో అంతస్తులో అద్దె ఫ్లాటు. ఇక్కడ కారు రోడ్డెక్కాలంటే పర్మిట్టుకే ఆస్తులమ్ముకోవాలి. వారంలో తీసుకెళ్ళకపోతే తుక్కు చేస్తామన్నారు. మా ఆవిడ ఉదయశ్రీ నాతో మాట్లాడ్డం మానేసింది. మావాడు ప్రణవ్ మాత్రం "సో కూల్ లా!" అని కారు దిగనన్నాడు.

చివరికి లిటిల్ ఇండియాలో మెస్ నడిపే వెంకటేశ్వర రావు గారిని బతిమాలితే హాల్లో ఓ మూల పెట్టనిచ్చారు. ఇప్పుడు జనం అందులో కూర్చుని భోంచేస్తున్నారు. ముందే వచ్చి స్టీరింగు మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి సీటు 'చోప్' చేసుకుంటున్నారు, అంటే మనూళ్ళో బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టన్నమాట. దానికోసం నిన్న ఇద్దరు మేనేజర్లు కొట్టుకోబోయారు!

మహీధర్

తా.క.: ఎడమ తలుపు తీశాం. ఊడింది. దానిమీదే వడ్డిస్తున్నారు.

తణుకు

నాయనా మహీధర్,

వెంకటేశ్వర రావు గారు ఫోన్ చేశారు. కొత్త బ్రాంచీలకి ఇంకో ఆరు అరుంధతులు కావాలట. ఇంజను అక్కర్లేదట! ఆ మాట వినగానే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయిరా. మన కంపెనీని ముంచింది ఆ ఇంజనే కదా, మిగతాదంతా బాగానే చేసేవాళ్ళం!

షెడ్డు తెరిచాం. మీ అత్తయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని, ప్రతి సీటు ముందూ అరిటాకు పరిచి కొలతలు చూస్తోంది.

మేనేజింగ్ డైరెక్టర్ (మళ్ళీ)
గురునాథం

తా.క.: హారను నొక్కితే వంటింట్లోకి వినపడాలన్నారాయన. మన హారను జన్మలో మోగింది లేదు. అందుకని మీ అత్తయ్య గొంతు క్యాసెట్లో పట్టి పంపుతున్నాను. సాంబారు దానంతటదే పరిగెత్తుకొస్తుంది.